సన్మానం శాలువా

మా చిలకలగూడ గల్లీలో పిల్లలంతా సాఫ్ట్‌వేర్ కోర్సుల్లో చేరుతున్న రోజులవి. నేను మాత్రం యూనివర్సిటీలో ఎండల తీవ్రత మీద పరిశోధన చేస్తూ, మన దేశ బృందంతో వాతావరణ మార్పుల అంతర్జాతీయ చర్చలకు వెళ్లొచ్చాను. వెనక వరసలో కూర్చుని మా అధికారికి వివరాలు అందించడమే నా పని. మా పక్కింటి యాదగిరన్నకు అదే ఘనకార్యమైంది.

“మన గల్లీ ఆడపిల్ల పరదేశం పోయి మాట్లాడొచ్చింది. సన్మానం చెయ్యకుంటే ఎట్ల?” అంటూ మే నెలలో షామియానా వేయించాడు.

పొద్దున్నే కావాల్సిన సభ, ముఖ్య అతిథి రాకపోవడంతో మిట్టమధ్యాహ్నమైంది. అన్న పూలదండ పట్టుకుని గల్లీ మొదట్లో ఎండలోనే నిలబడ్డాడు. నీడకు రమ్మని బతిమాలాను.

“జెర ఆగు చెల్లె. పెద్దమనిషి వచ్చెటప్పుడు ఎవ్వరు లేకుంటే మంచిగుండదు.”

ఎట్టకేలకు ఆయన వచ్చి నాకు శాలువా కప్పాడు. ఒప్పందపత్రంలో వడదెబ్బ చావుల గురించిన ఒక్క పేరా మీద దేశాలన్నీ వాదించుకుని, చివరికి తర్వాతి చర్చలకు వాయిదా వేశాయని నేను మైకులో చెబుతున్నాను. చప్పట్లు కొడుతూనే అన్న ఒరిగిపోయాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. శాలువాను బిందెలో ముంచి ఒంటికి చుట్టాం. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

దశదినకర్మ అయ్యాక వదిన ఆ శాలువాను ఉతికి, మడతపెట్టి తెచ్చింది. “ఉంచుకో. నీ కోసం ఆయనే ఏరి కొన్నడు” అంది.

ఆ ఏడాది చివర్లో మళ్లీ చర్చలకు వెళ్లాను. ఆ పేరా మళ్లీ వాయిదా పడింది. ఆ మాట వింటుంటే గల్లీ మొదట్లో దండ పట్టుకుని నిలబడ్డ అన్నే కళ్లముందు కనిపించాడు. హాల్లో ఏసీ చలికి అందరూ కోట్లు బిగించుకుంటున్నారు. వెనక వరసలో నేను ఆ శాలువా కప్పుకున్నాను.