మేం వరసగా ఓడిన ఏడాది

నా చిన్నప్పుడు మేం టెక్సస్‌లో ఒక చిన్న కాలేజీ ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న ఆ కాలేజీలోనే ఇంజనీరింగ్ పాఠాలు చెప్పేవారు. ఊరు మొత్తానికి తెలుగువాళ్ళవి రెండే ఇళ్ళు. ఒకటి మాది. రెండోది కాలేజీ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఒకావిడది. బాపట్ల వైపు నుంచి వచ్చి ఒంటరిగా ఉండేది. అమ్మను అక్కా అని, నాన్నను బావగారూ అని పిలిచేది. ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికే భోజనానికి వచ్చేది. నేను నర్సు ఆంటీ అనేవాణ్ణి. ఆవిడ గురించి రాయాలని కూర్చుంటే ఇప్పటికీ నాకు ముందు కోపమే వస్తుంది. ఆవిడ మీద కాదు.

ఆ ఊళ్ళో శనివారం అంటే ఫుట్‌బాల్. హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే అమెరికన్ ఫుట్‌బాల్. నాకు పదకొండేళ్ళు వచ్చిన ఏడాది మా కాలేజీ జట్టు మొదటి ఆరు ఆటలూ గెలిచింది. ఊళ్ళో ప్రతి దుకాణం అద్దానికీ జట్టు రంగులే. నాన్న ఇంట్లో ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. స్టేడియంలో మాత్రం లేచి నిలబడి, మెడ నరాలు ఉబ్బేలా అరిచేవారు. అది చూస్తే నాకు గర్వంగా ఉండేది. చుట్టూ ఉన్న తెల్లవాళ్ళతో పాటు నాన్న కూడా అరుస్తుంటే మేమూ ఆ ఊరివాళ్ళమైపోయినట్టే అనిపించేది.

ఏడో ఆట ఆఖరి క్షణాల్లో మా కిక్కర్ బంతిని రెండు నిలువు కంబాల మధ్య నుంచి తన్నాలి. తన్నితే గెలిచినట్టే. బంతి ఎడమ కంబం పక్క నుంచి పోయింది. పై వారం మళ్ళీ అలాగే పోయింది. ఆ తర్వాత జట్టు లేవలేదు, మిగిలిన ఆటలన్నీ ఓడిపోయాం. చేతికొచ్చిన బంతులు జారవిడిచినవాళ్ళు జట్టులో ఎందరో ఉన్నారు. వాళ్ళెవరూ ఊరికి గుర్తులేరు. మంగలి షాపులో, గ్యాస్ స్టేషన్‌లో, మా బళ్ళో అందరి నోటా ఆ పంతొమ్మిదేళ్ళ కిక్కర్ పేరే. నాన్న కూడా పెరుగన్నం కలుపుకుంటూ, ఎంతో మామూలుగా, "వాడి కాలు విరగ్గొట్టాలి" అనేవారు.

నాన్న బల్ల సొరుగులో కాలేజీ ఫోన్ డైరెక్టరీ ఉండేది. అందులో విద్యార్థుల నంబర్లు కూడా ఉండేవి. ఒక సాయంత్రం ఆ కిక్కర్ నంబరు వెతికి ఫోన్ చేశాను. గొంతు లావు చేసి, స్టేడియంలో విన్నవన్నీ అప్పజెప్పాను. మా సీజన్ నాశనం చేశావు, మీ ఊరికి పో అన్నాను.  అవతల అతను "సారీ, సర్" అన్నాడు.

మర్నాడు బళ్ళో అది చెబితే పిల్లలు పడీపడీ నవ్వారు. వాళ్ళలో నేనొక హీరోని అయిపోయాను. రెండు వారాల పాటు రోజూ ఫోన్ చేశాను. రోజూ అతను ఫోన్ ఎత్తాడు, రోజూ సారీ చెప్పాడు. ఒక్కసారి కూడా తిరిగి తిట్టలేదు.

సీజన్ ముగిసిన మర్నాడు ఆదివారం. నర్సు ఆంటీ వంటింట్లో అమ్మకు సాయం చేస్తోంది. నేను హాల్లో ఫోన్ పట్టుకుని మాట సగంలో ఉన్నాను. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి రిసీవర్ లాక్కుంది. ఆవిడ చెవికి ఆనించుకుని విన్నది. అతను చెప్పేది మొత్తం విని, ఇంగ్లీషులో అంది: "బాబూ, నీకు ఫోన్ చేసినవాడు పదకొండేళ్ళ పిల్లాడు. మీ ఇల్లెక్కడో చెప్పు. వాణ్ణి తీసుకొస్తున్నాను."

అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఏమైందే?" అంది.

"వచ్చాక చెప్తానక్కా. నువ్వు కార్ ఎక్కరా."

అతను చెప్పిన చోటికి ఆవిడ కారు నడిపింది. ఒక్క సారీ చెప్పేస్తే అయిపోతుందనుకున్నాను నేను.

అతను ఎవరిదో గరాజ్ మీద ఉన్న గదిలో ఉండేవాడు. మెట్ల మీద ఎవరో విసిరిన గుడ్ల సొన ఎండిపోయి ఉంది. తలుపు తీస్తే అతన్ని పోల్చుకోలేకపోయాను. మైదానంలో అంత పెద్దగా కనిపించేవాడు, ఇక్కడ సన్నగా, బుగ్గల నిండా మొటిమలతో ఉన్నాడు. నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నువ్వా?" అన్నాడు. నేను గబగబా సారీ చెప్పేశాను.

అతని ముఖం ఎర్రబడింది. ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టాడు. "మా అమ్మ పనిచేసేచోటి నుంచే నాకు ఫోన్ చెయ్యాలి, అక్కడ ఫోన్ ఎప్పుడు ఖాళీగా దొరుకుతుందో తెలీదు! అందుకే వైరు పీకెయ్యలేదు! మోగిన ప్రతిసారీ అమ్మేమోనని పరిగెత్తుకొచ్చా! ఎత్తితే నువ్వు! నిన్ను నేను సర్ అన్నాను!" పిడికిలితో తలుపు మీద గుద్దాడు. నేను ఏడుస్తూ ఆంటీ కోటు పట్టుకున్నాను. ఆవిడ నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి నన్ను మళ్ళీ అతని ఎదురుగా నిలబెట్టింది.

"నిలబడు. విను" అంది.

అతను కోచ్‌ని తిట్టాడు, ఊరిని తిట్టాడు, నన్ను తిట్టాడు. తన ఓపిక అయిపోయేదాకా అరిచి, మెట్టు మీద కూలబడి ముఖం దాచుకున్నాడు. అప్పుడు ఆవిడ వెళ్ళి అతని పక్కన కూర్చుంది. ఏమైనా తిన్నావా అని అడిగింది. లేదు, మా నాన్న తీసుకెళ్ళడానికి వస్తున్నాడు అన్నాడు. కాలేజీ మానేస్తున్నాడట.

ఆవిడ అతన్ని ఓదార్చడానికి కాదు నన్ను తీసుకెళ్ళింది. ఊరంతా అతన్ని తిట్టింది, అతను తిరిగి తిట్టడానికి ఒక్క మనిషీ ఎదుట నిలబడలేదు. ఆ ఒక్కణ్ణి తెచ్చి ఇచ్చింది. ఇది నాకు అర్థమవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇంటికొచ్చాక ఆవిడ జరిగిందంతా చెబితే నాన్న నా మీద చెయ్యెత్తారు.

"వాణ్ణి కొట్టకండి బావగారూ. వాడన్న మాటలన్నీ మీవే. మీ పక్కన కూర్చుని నేర్చుకున్నాడు."

"ఆట చూసేటప్పుడు అందరూ అంటారమ్మా. ఇంత రాద్ధాంతం దేనికి?"

"అందరూ అన్నారు కాబట్టే ఆ పిల్లాడు పోతున్నాడు" అని, వడ్డించిన కంచం అలాగే వదిలేసి వెళ్ళిపోయింది. నాన్న ఆవిణ్ణి వెనక్కి పిలవలేదు. ఆ చలికాలమంతా ఆదివారాలు ఆవిడ మా ఇంటికి రాలేదు. అమ్మే వెళ్ళి చూసొచ్చేది. మరుసటి ఏడాది నాన్న మళ్ళీ టిక్కెట్లు కొన్నారు. నేను రానన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. చాలా కాలం నా కోపమంతా ఆయన మీదే పెట్టుకున్నాను. మాటలు ఆయనవే, నిజమే. కానీ డైరెక్టరీ తెరిచి, నంబరు తిప్పి, రోజూ నవ్వుకున్నది నేను.

ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డాను, టెక్సస్‌లోనే ప్లేనో అనే ఊళ్ళో ఉంటున్నాను. కిందటి సీజన్‌లో ఒక శనివారం మధ్యాహ్నం మా అబ్బాయి స్నేహితులు ఇంట్లో టీవీలో ఆట చూస్తున్నారు. ఎవరో కిక్కర్ గురి తప్పాడు. సోఫాలో కూర్చున్న ఒకతను వెంటనే ఫోన్ తీసి, ఆ కిక్కర్ సోషల్ మీడియా అకౌంట్‌కే ఏదో టైప్ చేసి నవ్వాడు. ఏం రాశావని అడిగాను.

"జస్ట్ జోక్, అంకుల్."

"అయితే చదువు. నేనే ఆ ఆటగాణ్ణి అనుకుని, నా ముఖం చూసి చదువు."

"డాడ్, ప్లీజ్, లీవ్ ఇట్. గెస్ట్ కదా" అన్నాడు మా అబ్బాయి.

నా కోపాలు చాలావరకు వయసుతో చల్లారాయి. ఇది చల్లారలేదు, చల్లారనివ్వను కూడా. లేచి వెళ్ళి టీవీ ఆపేశాను. ఆ కుర్రాడు రెండు మాటలు చదివాడు, మూడో మాట నోట్లోంచి రాలేదు.  అతను అది చెరిపేసేదాకా నేను అతని ఎదురుగానే నిలబడి ఉన్నాను.