పసుపు పెట్టిన గాయం

జర్మనీలో జీగెన్ ఊరి దగ్గర మా ఇంటి యజమాని మాంసం కోసం కొన్ని పశువులను పెంచేవాడు. పశువైద్యురాలు ఒక కోడెదూడకు విత్తులు తీసిన మర్నాడు, ఆయన ఊరెళ్తూ దాన్ని నాకు అప్పగించాడు.

"గాయం తెరిచే ఉండాలి, లోపలిది కారిపోవాలి. నువ్వు జ్వరం చూస్తే చాలు," అన్నాడు.

దూడ వణుకుతుంటే చూడలేక, పసుపు ముద్ద చేసి గాయంలో కూరాను.

"ఆయన్ని అడిగారా?" అంది నా భార్య.

"పసుపుకి కూడా టెర్మిన్ కావాలా ఏంటి?" అని, అక్కడ ప్రతిదానికీ ముందే తీసుకోవాల్సిన అపాయింట్‌మెంట్‌ను వెక్కిరిస్తూ నవ్వాను.

గాయం మూసుకుపోయి లోపల చీము పట్టింది. నాలుగో రోజు దూడ చచ్చిపోయింది. యజమాని వచ్చేలోపు పసుపంతా కడిగేశాను. వైద్యురాలిదే తప్పని ఆయన ఊరంతా చెప్పాడు. ఆమెను అక్కడ మళ్లీ ఎవరూ పిలవలేదు. నేను పక్కనే నిలబడి తలూపాను. ఆ దూడను చంపింది నేను.