చండ్ర రోకలిలోంచి వచ్చిన పైపు

ఆదివారం. పొద్దున ఎండ బాగానే కాసింది, మధ్యాహ్నానికి ఉక్కపోత. కల్లంలో మిరపకాయలు ఒకసారి తిరగేసి వచ్చాను. రోజూ పద్దు రాసుకునే అలవాటు... ఇదీ అలాగే మొదలైంది.

మా చిన్నప్పుడు... నాన్న గొడ్ల చావిడి గడప మీద కూర్చుని కర్రతో పొగాకు పైపులు చెక్కేవాడు.

ఎనభైల్లో మాట. మా ఊళ్ళో తాగితే చుట్ట, లేదంటే బీడీ. పైపు తాగేవాడు ఒక్కడూ లేడు. నాన్నకైతే చుట్ట అలవాటు కూడా లేదు. పొగాకు అమ్మడానికి ఒంగోలు వెళ్ళినప్పుడు, కొనుగోలుకు వచ్చిన ఒక పెద్దమనిషి నోట్లో పైపు చూశాడట. అంతే... ఇంటికొచ్చి బాడిస తీసుకుని తుమ్మ మొద్దు ముందు కూర్చున్నాడు.

బాడిసతో చెక్కి, ఆకురాయితో రుద్ది, గాజుపెంకుతో గీకి, ఎర్రగా కాల్చిన ఇనప చువ్వతో బెజ్జం వేసేవాడు. చివర్లో ఆముదం పూస్తే కర్ర రంగు తేలేది. ఆ కాలిన కర్ర వాసన ఇప్పటికీ గుర్తే...

అమ్మకు మాత్రం ఒళ్ళు మండేది. "ఇంకా అవలేదా ఆ గొట్టం? పొయ్యిలోకి పుల్ల లేదంటే మాత్రం పలకవు!" అనేది.

పక్కింటి వెంకయ్య మామ అమ్మకు వరసకు అన్న. దారిన పోతూ ఆగేవాడు.

"ఏం బావా, ఊళ్ళో దొర లేడు, దొరసాని లేదు. ఎవరి కోసం ఇదంతా?"

"నీ కోసం మాత్రం కాదులేరా. నీ మూతికి ఇది ఆగదు."

"ఆగకపోతే తాడేసి కట్టుకుంటా! పత్తి తీశాక నాకొకటి చెయ్యాల్సిందే. ఇంత చుట్ట దూర్చుకుని సెంటర్లో కూర్చుంటా."

నాన్న నవ్వి సరేనన్నాడు.

ఆ ఏడు ఎవరూ పత్తి తీయలేదు.

తెల్లదోమ పడింది. ఆకు తిరగేస్తే పిండి చల్లినట్టు... పైన జిగురు, జిగురు మీద నల్లటి మసి. మందు మీద మందు కొట్టారు. దోమ చావలేదు. ఒక పొద్దున వెంకయ్య మామ చేలోకి పోయి, పత్తికి కొట్టే మందు తానే తాగేశాడు. మామను మంచం మీద మోసుకొచ్చిన వాళ్ళలో నాన్న ఒకడు.

ఆ రోజు నుంచి నాన్న మాట్లాడలేదు. బాడిస ముట్టలేదు. గడప మీద కూర్చుని చేను వైపు చూసేవాడు. మా చేనూ అలాగే నల్లబడి ఉంది.

ఇంట్లో మిగిలిన మందు డబ్బాను అమ్మ పెంటదిబ్బ పక్కన లోతుగా గుంట తీసి పాతేసింది. నన్నూ అక్కనూ పిలిచి, "బడీ లేదు ఏమీ లేదు. నాన్న ఎటు పోతే అటు పొండి. ఎందుకని అడిగితే ఆడుకుంటున్నామని చెప్పండి" అంది. మేం ఆయన చుట్టూ గోళీలాడేవాళ్ళం... ఎవరు గెలిచారో మాకే తెలిసేది కాదు. నాన్న లేచి నిలబడితే చేతిలో గోళీ జారిపోయేది.

కర్రలు ఏరుకొచ్చి ముందు పెట్టాం. వేప, తుమ్మ, రేగు... కన్నెత్తి చూడలేదు.

ఒక మధ్యాహ్నం అమ్మ వంటింట్లోంచి రోకలి పట్టుకొచ్చింది. కనిగిరి కొండల చండ్రకర్రతో చేయించి పుట్టింటివాళ్ళు ఇచ్చిన రోకలి అది. ఏటా మా కారమంతా దాంతోనే కొట్టేది. ఎవరడిగినా ఎరువిచ్చేది కాదు. దాన్ని నాన్న ముందు పడేసి, పక్కన గొడ్డలి పెట్టింది.

"వెంకయ్యన్న అడిగాడుగా. చెయ్యి."

నాన్న రోకలిని చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది నరికితే కారం ఎట్టా కొడతావే?" అన్నాడు. అన్నాళ్ళకు అదే మొదటి మాట.

"చప్పిడి తింటాం. ముందు నువ్వు చెయ్యి."

అమ్మ రోకలిని కదలకుండా పట్టుకుంది. నాన్న గొడ్డలి వేశాడు.

చండ్ర ఉక్కులాంటిది. పొద్దంతా రుద్దినా గోరంత లొంగేది కాదు. అదే మంచిదైంది. ఆకురాయి గరగర వినపడినంతసేపూ అమ్మ వంట చేసుకునేది. ఆగిందంటే గరిటె వదిలేసి బయటికి పరుగెత్తేది. నాన్న ఊరికే చెమట తుడుచుకుంటూ కనపడితే, "మంచినీళ్ళు కావాలా?" అని అడిగి లోపలికి పోయేది.

ఇంకా అవలేదా అని తిట్టిన మనిషి... ఇప్పుడు రోజూ వచ్చి, "ఇక్కడ నునుపు రాలేదయ్యా, ఇంకాస్త రుద్దు" అనేది. అది అయిపోయాక ఏమవుతుందోనని మా అందరికీ భయం.

ఒకరోజు అయిపోయింది. ఆముదం కూడా పూశాడు. ముదురు ఎరుపు తేలింది. పట్టుకుని వెంకయ్య మామ ఇంటికి వెళ్ళాడు. వెనకే మేమూ. మామ చుట్టలు పెట్టుకునే గూట్లో పైపు పెట్టి, అత్త వైపు చూడలేక తల దించుకుని తిరిగొచ్చాడు. మళ్ళీ గడప మీద కూర్చున్నాడు. చేతులు ఖాళీ.

అమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. అక్క నా చెయ్యి నలిపేస్తోంది...

నాన్న పంచె మీద పొట్టు దులుపుకున్నాడు.

"ఏమే... రోకలి రెండో ముక్క ఏదీ?"

అమ్మ లోపలికి పోయి తెచ్చి ఇచ్చింది. ఆ ఏడు మా ఇంట్లో కారం కొట్టలేదు.

ఇప్పుడు అందరం మరలోనే పట్టించుకొస్తున్నాం. రోకళ్ళూ లేవు, ఆకురాయి చప్పుడూ లేదు. పక్కింట్లో ఎవరైనా మాట మానేసినా మనకు తెలియడం లేదు... మీ పెద్దవాళ్ళ చేతిపని చప్పుడు ఏదైనా మీ చెవుల్లో మిగిలి ఉంటే రాయండి. అది ఆగితే ఎవరు పరుగెత్తుకొచ్చేవారో, అది కూడా...

మబ్బు కమ్ముతోంది. కల్లంలో కాయ మీద పట్టా ఇంకా కప్పలేదు... లేస్తున్నా.