పాప పోయింది

కిందటేడు ధర్మవరంలో మా ఇంట్లో జరిగిన సంగతి ఇది. చెల్లెలు పెనుకొండలో హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదివేది. ఆ మధ్యాహ్నం మగ్గం నేస్తున్న నాయనకు వాళ్ళ క్లాసు సారు ఫోన్ చేశాడు.

"జ్వరం ఎక్కువైందప్పా. మీ పాప పోయింది" అన్నాడు. అంతలో లైను తెగిపోయింది. తిరిగి చేస్తే కలవలేదు.

నాయన మగ్గం గుంటలోంచి లేవలేకపోయాడు. చంకల కింద చేతులేసి నేనే పైకి లాగాను. అమ్మ అరుపుకు వీధంతా వచ్చింది. "పాపను తెచ్చుకునేకి బండి మాట్లాడబ్బా" అని పక్కింటాయన నా భుజం తట్టాడు. చావింట్లో కూడా జోకులేసే నేను ఫోన్ తీసి బండివాళ్ళ నంబరు వెతకసాగాను.

అప్పుడే చెల్లెలు సంచితో ఆటో దిగింది. జనాన్ని చూసి, "అయ్యో, అవ్వ పోయిందా!" అని ఏడుపందుకుంది.

అరుగు మీద ఏడుస్తున్న అవ్వ తలెత్తి, "నేను ఈడే ఉండాను గదే! నువ్వే పోయినావంట" అంది.

జ్వరమొచ్చిన పిల్ల బస్సెక్కి పోయిందని సారు చెప్పబోయాడట. ఆయన తెలుగులో తప్పేమీ లేదు, 'ఇంటికి' అనే మాట ఒక్కటే తగ్గింది.

చెల్లెలి జ్వరం మాత్రలకు తగ్గింది. నాయన భయం తగ్గలేదు. బడి నుంచి ఫోనొస్తే ఇప్పటికీ నా చేతికిస్తాడు. "సార్, పాప ప్రాణంతో ఉండాది గదా?" అని అడిగాకే నేను నమస్కారం పెడుతున్నాను.