పిల్లికి రిఫరెన్స్

ఏ పనైనా చేయడం కన్నా చేస్తానని చెప్పడమే గొప్ప అనిపించే వయసు ఒకటుంటుంది. నాకు ఆ వయసు మామూలు కన్నా కాస్త ఎక్కువ కాలమే నడిచింది. అప్పట్లో నేను గుడివాడలో ఒక ఫ్లెక్సీల షాపులో డిజైనర్ని. డిజైనర్ అన్నది నేను చెప్పుకునే మాట, ఓనరు మాత్రం 'కంప్యూటర్ కుర్రాడు' అనేవాడు. పెళ్ళిళ్ళకీ, పుట్టినరోజులకీ, సంతాపాలకీ జనం తెచ్చిన ఫొటోల్లోంచి మొహాలు కత్తిరించి, కాస్త తెల్లబరిచి, వెనకాల మంచుకొండలు పెట్టడం నా పని. ఒకసారి ఒక సంతాపం ఫ్లెక్సీలో అంతకుముందు చేసిన పుట్టినరోజు బెలూన్లు అలాగే ఉండిపోయాయి. (వాళ్ళేమీ అనలేదు. పోయినాయన సరదా మనిషట.) మా ఊరు ఘంటసాల దగ్గర. రోజూ పామర్రులో బస్సు మారి వెళ్ళి, సాయంత్రానికి తిరిగొచ్చేవాణ్ణి. ఊళ్ళో మాత్రం నా హోదా వేరు. ఎవరి ఫోను పాడైనా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. నేను బాగుచేయలేకపోతే "వాడి వల్లే కాలేదంటే ఇంక దాని పని అయిపోయినట్టే" అని కొత్తది కొనుక్కునేవాళ్ళు. అంత నమ్మకం ఏ కుర్రాణ్ణయినా పాడుచేస్తుంది.

మా చర్చిలో క్రిస్మస్‌కి వారం ముందు సెమీ క్రిస్మస్ అని ఒక సాయంత్రం పెద్ద ప్రోగ్రాం జరుగుతుంది. ప్రతి ఏడూ సండే స్కూల్ పిల్లల నాటకం ఉండేది. అవే దుప్పట్లు, తలలకు అవే తువ్వాళ్ళు, అదే కాగితం నక్షత్రం. అంతకుముందు ఏడాది గొర్రెల కాపరుల్లో ఒకడు స్టేజీ మీద నిజంగానే నిద్రపోయాడు. దేవదూత వచ్చి ఎంత శుభవార్త చెప్పినా లేవలేదు. అందుకని పాస్టరుగారు నన్ను పిలిచి, "ఈసారి కొత్తగా ఏదైనా చేద్దాం బాబూ" అన్నారు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "యానిమేషన్ చేద్దామండి. ఇంట్లో పెంచుకునే కుక్కకీ పిల్లికీ స్నేహం కుదిరిన కథ. ఐదు నిమిషాలు" అన్నాను. "నీకు వచ్చా అది?" అన్నారాయన. "అదెంత పనండీ" అన్నాను. ఎంత పనో ఆ వారంలోనే తెలిసింది. నిమిషానికి ఏడువందల ఇరవై బొమ్మలు కావాలట. అప్పటికి నేను మొత్తం జీవితంలో గీసినవి ఓ నలభై ఉంటాయి.

కథ మాత్రం బాగానే కుదిరింది. అది క్రిస్మస్ ముందు రోజు. ఇంటి వరండాలో గడ్డితో, యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ కట్టి, పైన నక్షత్రం వేలాడదీసి ఉంటుంది. ఇంటి పిల్లి వెచ్చగా ఆ గడ్డిలో పడుకుంటుంది. ఇంటి కుక్క గేటు దగ్గర మంచులో వణుకుతూ కాపలా కాస్తుంటుంది. రెండింటికీ ఎప్పుడూ పడదు. పిల్లి గోడెక్కి కాసేపు దాన్ని వెక్కిరించి, తర్వాత మనసు కరిగి లోపలికి పిలుస్తుంది. తెల్లారాక కుక్క మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళిపోతుంది. పిల్లికి నమూనా మా అమ్మ పెంచుకునే రాణి. కుక్కకి నమూనా మా ఇంటికి రెండిళ్ళవతల ఉండే తాతయ్యగారి టైగర్. నిజం రాణికీ నిజం టైగర్‌కీ స్నేహం మాట అటుంచి, టైగర్ ముక్కు మీద రాణి పెట్టిన అడ్డగీత ఒకటి ఊరందరికీ తెలుసు.

పని తగ్గించుకోవడానికి నేను పడిన పాట్లు చెప్పుకుంటే సిగ్గుచేటు. పిల్లి దాదాపు ఎప్పుడూ కూర్చునే ఉంటుంది, తోకొక్కటే కదులుతుంది. కుక్క వీపు మీద ఎర్రగుడ్డ కప్పి, దాని మీద 'హ్యాపీ క్రిస్మస్' అని రాశాను (ఫ్లెక్సీ బుద్ధి ఎక్కడికి పోతుంది). కుక్క కుడివైపుకి నడిచే బొమ్మలన్నీ గీయడం అయ్యాక, ఎడమవైపుకి కూడా నడవాలని గుర్తొచ్చింది. బొమ్మని అటు తిప్పేస్తే అక్షరాలు కూడా తిరగబడుతున్నాయి. మళ్ళీ అన్నీ గీసే ఓపిక లేదు. అందుకని అవే బొమ్మల్ని చివరి నుంచి మొదటికి నడిపించాను. అంటే తెల్లారాక కుక్క తిరిగి గేటు దగ్గరికి వెనక్కి నడుచుకుంటూ వెళుతుంది. ఎవరూ గమనించరులే అనుకున్నాను.

కుక్క గొంతు నాది. పిల్లి గొంతు అమ్మది. అమ్మ చర్చిలో అప్పటిదాకా మైకు ముందు నిలబడి ఎరగదు. స్త్రీల సమాజం మీటింగుల్లో చాపలు పరిచేదీ, టీలు పోసేదీ తనే, మాట్లాడేది మాత్రం మిగతా అందరూ. నేను అడిగితే "ఛీ, పిల్లి గొంతేంట్రా నాకు" అంది. మర్నాటి నుంచి పచ్చడి నూరుతూ ప్రాక్టీసు మొదలెట్టింది. ఒక మ్యావ్, తర్వాత మూడు ముక్కలు. "చలేస్తోందా? లోపలికి రా. చోటుంది." ఇదీ డైలాగు. ఆ చివరి మాట అమ్మ ఎంత బాగా అనేదంటే, వంటింట్లో నిజం రాణి కూడా తలెత్తి చూసేది. వారం తిరిగేసరికి అమ్మ పిల్లి వేషం సంగతి స్త్రీల సమాజమంతటికీ తెలుసు. బందరులో ఉండే పెద్దమ్మకి కూడా ఫోన్ చేసి, "ఈసారి తప్పకుండా రావాలక్కా, నేను పిల్లిని" అని చెప్పింది.

ఇక్కడ టైగర్‌గారి యజమాని గురించి చెప్పాలి. తాతయ్యగారు మాకు చుట్టం కాదు, ఊరందరికీ తాతయ్యగారే. రిటైరైన హెడ్మాస్టరు, మా సంఘ పెద్ద. చాటున మేం ఆయన్ని 'రిఫరెన్స్ తాతయ్య' అనేవాళ్ళం. ఎవరు ఏం మాట్లాడినా, "ఏ అధ్యాయం, ఏ వచనం? రిఫరెన్స్ చెప్పు" అనడం ఆయన అలవాటు. ఒకసారి పాస్టరుగారు ప్రసంగంలో ముగ్గురు జ్ఞానులు వచ్చారని అంటే, ముందు వరసలోంచి లేచి, "ముగ్గురని ఎక్కడుందండీ?" అన్నారు. వెతికితే నిజంగానే బైబిల్లో అంకె లేదు. ఆ తర్వాత మా చర్చిలో ఎవరూ ధైర్యంగా అంకెలు చెప్పలేదు.

డిసెంబరు మొదట్లో పాస్టరుగారింట్లో పెద్దలకు ముందుగా చూపించాను. తాతయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని మొత్తం చూశారు.

"బానే ఉందిరా. ఆ కుక్క మా టైగరేనా?"

"కాదండి... అవునండి."

"పిల్లెక్కడిది?"

"మా ఇంట్లోదేనండి, తాతయ్యగారూ."

"అది కాదురా నేనడిగేది. పశువుల పాకలో పిల్లి పడుకున్నట్టు రిఫరెన్స్ ఏది?"

"చిన్నపిల్లల కథ కదండీ" అని పాస్టరుగారు అడ్డుపడబోయారు. "చిన్నపిల్లలైతే ఏదైనా చెప్పేయొచ్చా? రేపు పరీక్షలో పాకలో ఎవరెవరున్నారంటే పిల్లి అని రాస్తారు. మీరు మార్కులేస్తారా?" అన్నారు తాతయ్యగారు. "వారం టైమిస్తున్నా. రిఫరెన్స్ తెస్తే వెయ్యి. లేకపోతే పాత నాటకమే" అని లేచి వెళ్ళిపోయారు.

అప్పుడు మొదలైంది నా వేట. రోజూ తెల్లవారుజామున ఐదింటికి లేచి, అమ్మ పెళ్ళినాటి పెద్దక్షరాల పరిశుద్ధ గ్రంథం తీసి, సృష్టి దగ్గర్నుంచీ వేలు పెట్టి వరసగా పిల్లి కోసం వెతికాను. సింహాలున్నాయి, ఎలుగుబంట్లున్నాయి, ఒంటెలు గుంపులుగుంపులుగా ఉన్నాయి. నక్కలు, బల్లులు, మిడతలు, చీమలు కూడా ఉన్నాయి. కుక్కలున్నాయి గానీ వాటికి పెద్దగా మంచిపేరు లేదు. ఒకటి రెండు చోట్ల మాత్రం పరవాలేదనిపించుకున్నాయి. ఇంట్లో పెంచుకునే పిల్లి మాత్రం ఎక్కడా లేదు. సాయంత్రం బస్సు దిగి నేరుగా తాతయ్యగారి అరుగు దగ్గరికెళ్ళి, "జలప్రళయమప్పుడు ఓడలో జంతువులన్నిటినీ ఎక్కించారు కదండీ, ఎలుకలు ఎక్కాక పిల్లి ఎక్కకుండా ఉంటుందా?" అని వాదించాను. "ఎక్కే ఉంటుంది. రాసుందా?" అన్నారు. రాసి లేదు. పక్కన టైగర్ కూడా నన్ను జాలిగా చూసింది.

ఈలోగా ఇంట్లో ఇంకో ప్రమాదం జరిగింది. కొడుకు మంచులో లేచి దీక్షగా వాక్యం చదువుకుంటున్నాడని అమ్మ కంటనీరు పెట్టుకుంది. స్త్రీల సమాజంలో మొట్టమొదటిసారి లేచి నిలబడి, "మా అబ్బాయి మారాడండీ. నేను అడక్కుండానే దేవుడు వాణ్ణి మార్చాడు" అని సాక్ష్యం చెప్పేసింది. అక్కణ్ణించి జనం రావడం మొదలెట్టారు. ఒకావిడ వాళ్ళ గేదె పాలు పితకనివ్వడం లేదు, కాస్త ప్రార్థన చేసిపెట్టమంది. నేను పిల్లి కోసం వెతుకుతున్నానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? చేశాను. (గేదె సంగతి నేను తర్వాత కనుక్కోలేదు.)

వారం అయిపోయింది. తాతయ్యగారు కాస్త మెత్తబడి, "పోనీ పిల్లి బదులు గొర్రెని పెట్టరాదూ? గొర్రెకి కావలసినంత రిఫరెన్స్ ఉంది" అన్నారు. కొత్తగా గొర్రెని గీయడానికి టైము లేదు. అందుకని ఉన్న పిల్లికే ఒళ్ళంతా ఉన్నిలాగా సున్నాలు చుట్టేశాను. మీసాలు చెరిపేశాను. తోక చెరపడం కుదరలేదు, ఎందుకంటే పిల్లి ఒంట్లో ఎక్కువసేపు కదిలేది అదొక్కటే. అమ్మకి చెప్పాను. "అక్కకి పిల్లినని చెప్పానురా" అంది. అయినా నా కోసం మైకు ముందు కూర్చుని 'మే' అంది. ఆ 'మే'లో ప్రాణం లేదు. అప్పుడు నాకు నా మీద నాకే అసహ్యం వేసింది. జీవితంలో ఒక్కసారి నలుగురిలో తన గొంతు వినిపిస్తుందని ముచ్చటపడిన మనిషికి నేను చేసిన నిర్వాకం అది.

సెమీ క్రిస్మస్ సాయంత్రం చర్చి గోడకి తెల్ల దుప్పటి కట్టి, షాపు నుంచి తెచ్చిన ప్రొజెక్టర్ పెట్టాను. కోతలైపోయిన రోజులు కావడంతో జనం బాగా వచ్చారు. ముందు చాప మీద అమ్మ, పక్కన బందరు నుంచి వచ్చిన పెద్దమ్మ. సినిమా మొదలైంది. గడ్డిలో పడుకున్న గొర్రె లేచింది. ఎగిరి గోడెక్కింది. గోడ మీద కూర్చుని పొడుగాటి తోక ఊపుతూ, చేయి నాకి మొహం కడుక్కుంది. పిల్లలు నవ్వు ఆపుకోలేకపోతున్నారు. "పిల్లన్నావు కదే?" అంది పెద్దమ్మ, గుసగుసలాడుతున్నాననుకుని గట్టిగానే. "మార్చార్లే అక్కా" అంది అమ్మ తల వంచుకుని. అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. నేను హడావుడిలో ఒక్కచోట గొంతు మార్చడం మరిచిపోయాను. గోడ మీది గొర్రె కుక్క వైపు చూసి, నిండుగా, స్పష్టంగా "మ్యావ్" అంది.

చర్చి ఘొల్లుమంది. తాతయ్యగారు లేచి నిలబడ్డారు. "ఆపరా" అన్నారు. ఆపాను. జనం కూడా నవ్వు ఆపేశారు.

"గొర్రె గోడెక్కిందేంట్రా?"

"మీరే కదండీ గొర్రెని పెట్టమన్నారు..."

"గొర్రెని పెట్టమన్నాను. పిల్లికి గొర్రెతోలు కప్పమన్నానా? గొర్రెతోలు కప్పుకొచ్చేవాళ్ళతో జాగ్రత్త అని ప్రభువే చెప్పాడు, కొండమీద ప్రసంగంలో. ఇదిగో, దీనికుందిరా రిఫరెన్స్!" ఆయన మొహంలో అంత ఆనందం నేను మళ్ళీ చూడలేదు. వారం రోజులుగా నేను వెతికి పట్టుకోలేనిది ఆయనకి నిలబడ్డచోటే దొరికింది. "అసలుది ఉందా నీ దగ్గర?" అన్నారు. ఉందన్నాను. "అదే వెయ్యి. పిల్లి పిల్లిలాగే రానీ. అబద్ధమాడే గొర్రె కంటే రిఫరెన్స్ లేని పిల్లే నయం" అని కూర్చున్నారు.

వేశాను. పిల్లి మీసాలతో సహా వచ్చింది. గోడ మీంచి మ్యావ్ అంది. మంచులో వణుకుతున్న కుక్కని కాసేపు చూసి, అమ్మ గొంతుతో, "చలేస్తోందా? లోపలికి రా. చోటుంది" అంది. ఒక్కరు కూడా నవ్వలేదు. అమ్మ తలెత్తి, గోడ మీది పిల్లిని ఎవరో పెద్దింటి మనిషిని చూసినట్టు చూస్తోంది. "అబ్బ, నీ గొంతేనే!" అని పెద్దమ్మ అమ్మ భుజం పట్టుకుని ఊపేసింది. పాస్టరుగారు రాసుకొచ్చిన ముప్పావుగంట ప్రసంగం మడిచి జేబులో పెట్టుకుని, 'చోటు' అన్న ఒక్క మాట మీద పది నిమిషాలు మాట్లాడి ముగించారు. ఆ విషయంలో ఊరంతా పిల్లికి రుణపడి ఉంది.

భోజనాల దగ్గర తాతయ్యగారు నన్ను పక్కకి పిలిచారు. "ఆ కుక్క చివర్లో వెనక్కి నడిచిందేంట్రా?" అన్నారు. దొరికిపోయాననుకున్నాను. నేను నోరు తెరిచేలోపే ఆయన, "పిల్లి అంత ఆదరించాక దానికి వీపు చూపించి వెళ్ళడానికి మనసొప్పలేదు. అందుకని మొహం ఇటే పెట్టుకుని వెళ్ళింది. అంతేనా?" అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. గుడ్డ మీది అక్షరాలు తిరగబడతాయని అలా చేశానండీ అని నేనెలా చెప్పను? "అంతేనండి, తాతయ్యగారూ" అన్నాను.

తెల్లవారుజామున చదివింది పిల్లి కోసమని అమ్మకి ఆ తర్వాతెప్పుడో చెప్పేశాను. "దేనికోసమైతేనేం, చదివావు కదా" అంది. సాక్ష్యం మాత్రం వెనక్కి తీసుకోలేదు. నిజం రాణీ, నిజం టైగరూ చివరిదాకా ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు. తాతయ్యగారు కూడా ఇప్పుడు లేరు. నేను పిల్లల పాటలకి బొమ్మలు కదిలించే ఉద్యోగంలో కుదురుకున్నాను. ఇప్పుడు నా కుక్కలు ఎటు నడవమంటే అటు చక్కగా నడుస్తాయి. వాటి నడకలో ఏదో ఉందని ఇంతవరకూ నాతో ఎవరూ అనలేదు.

ప్రతి డిసెంబరులోనూ అమ్మ ఆ సినిమా వేయించుకుని చూస్తుంది. తన డైలాగు దగ్గర పెదాలు కదుపుతుంది. కిందటేడు కూర్చుని ఆ కుక్క నడక సరిచేద్దామని పాత ఫైలు తెరిచాను. ఇప్పుడు నాకది పది నిమిషాల పని. తెల్లారింది, పాక ముందు కుక్క లేచింది, పిల్లి వంక చూస్తూ ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ గేటు దాకా వెళ్ళింది. ఇరవై రెండేళ్ళ వయసులోని ఆ బద్ధకస్తుడు తనకి తెలియకుండానే ఎంత బాగా గీశాడో అనిపించి నవ్వొచ్చింది. ఏమీ మార్చకుండా మూసేశాను. తాతయ్యగారు తన జీవితం మొత్తంలో రిఫరెన్స్ అడగకుండా నమ్మింది ఆ కుక్క ఒక్కదాన్నే.