హీలర్ బావ

మా బావ గోదావరిఖనిలో బొగ్గుబావి కార్మికుడు. డ్యూటీ దిగి వచ్చాక నాతో కలిసి ఫోన్లో ఆన్‌లైన్ గేమ్ ఆడేవాడు. నేను యోధుణ్ణి. ఆయన హీలర్, గాయాలు మాన్పేవాడు. కత్తి పట్టమంటే పట్టేవాడు కాదు. "నువ్వు ముంగటికి పో, ఎనుక నేనున్న" అనేవాడు.

ఒకసారి కొత్త అప్‌డేట్ వచ్చింది. హీలర్లు మరీ బలంగా ఉన్నారని గేమ్ వాళ్లు గాయాలు మాన్పే మంత్రాన్ని నెమ్మది చేశారు. అందరూ తిట్టుకుంటూ పాత్రలు మార్చుకున్నారు. బావ మారలేదు. ఆ సాయంత్రం రాక్షసుడి దెబ్బకు నేను కూలిపోయాను. బావ వేసిన మంత్రం చేరేలోపే చచ్చాను. నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయాను. చెమటలు కారుతున్నాయి. బొటనవేలు ఇంకా ఆ బటన్‌నే నొక్కుతోంది.

"అందలే బామ్మర్దీ. బండ కింద వాడు గూడ గిట్లనే... చెయ్యి చాపిన, అందలే."

ఏళ్ల కిందట బావిలో పైకప్పు కూలి ఆయన జతగాడు పోయాడని అక్క చెప్పగా విన్నాను. బావ నోట వినడం అదే మొదలు. ఆ తర్వాత ఆయన ఆడలేదు.

కొన్నాళ్లకు హీలర్ల బలం తిరిగి ఇచ్చారు. పరుగెత్తుకెళ్లి బావకు చెప్పాను.

"మంచిదే. ఎవలన్న బతుకుతరు" అన్నాడు. ఫోన్ మాత్రం ముట్టుకోలేదు.