గెట్సెల్ తిరిగిన వైపు

మా ప్రార్థన మందిరంలో పొయ్యి రాజేసే గెట్సెల్‌ను ఊరి పెద్దలు మనిషి కింద లెక్కపెట్టేవారు కాదు, పదో మనిషి తక్కువైన పూట తప్ప. పదిమంది మగాళ్ళు లేనిదే మాకు సామూహిక ప్రార్థన సాగదు. తొమ్మిదిమందే పోగైతే తలుపులోంచి ఎవరో ఒకరు కేకేసేవారు: "ఒరే గెట్సెల్, ఆ చీపురు అవతల పడేసి రారా. ఇవాళ నువ్వు కూడా యూదుడివే."

గోమెల్ దగ్గర ఓ పల్లెలో పుట్టినవాడు. జారు చక్రవర్తి సైన్యం పట్టుకుపోయి జపాను యుద్ధంలోకి తోసింది. కుడిచేతి రెండు వేళ్ళు మంచుకు పోయాయి. ఇంటికి పోదామనుకునేసరికి, పల్లెలో యూదుల ఇళ్ళన్నీ తగలబెట్టారని కబురొచ్చింది. దాంతో మంచూరియాలోనే, మా స్టేషన్ ఊళ్ళో దిగిపోయాడు. కొన్నేళ్ళు రైలింజన్లో బొగ్గు వేసి, డ్వోషాను పెళ్ళాడి, చివరికి మందిరం పొయ్యి దగ్గర కుదురుకున్నాడు. డ్వోషా ఉల్లి రొట్టెలు కాల్చి ప్లాట్‌ఫారం మీద అమ్మేది. పొయ్యి గోడను ఆనుకున్న చిన్న గది ఇద్దరి కాపురం. ఉమ్మితే నేలను తాకేలోపు గడ్డకట్టే చలి మాది. వెచ్చటి గోడ లేనివాళ్ళు జనవరి దాటడం కష్టం.

పొయ్యి, గెట్సెల్ గది తప్ప పాత చెక్క మందిరమంతా కాలిపోయాక ఇటుకలతో కొత్తది కట్టాలనుకున్నారు. ఆ పనికి పెద్ద ఎఫిమ్ బోరిసోవిచ్, తోళ్ళ వర్తకుడు. తన తాత ముత్తాతలను గెంటేసిన ఊళ్ళ పేర్లన్నీ బిరుదుల్లా వల్లించేవాడు. తను గెంటేసినవాళ్ళ పేర్లు మాత్రం ఆయనకు గుర్తుండేవి కావు.

పునాదికి తాళ్ళు లాగుతున్న రోజున గెట్సెల్ టోపీ సర్దుకుని దగ్గరికి వెళ్ళాడు.

"ఎఫిమ్ బోరిసోవిచ్ గారూ, ధర్మగ్రంథం పెట్టె ఏ గోడకు పెడుతున్నారండీ?"

"ఏ గోడకేమిటి? తూర్పు గోడకు. జెరూసలేం వైపు తిరిగి ప్రార్థించాలని మీ నాన్న నీకు అదైనా నేర్పలేదా?"

"నేర్పాడండీ, అందుకే అడుగుతున్నాను. మన పాత ఊళ్ళలో రైలెక్కి రోజుల తరబడి పొద్దుటి సూర్యుడికి ఎదురొచ్చాం కదా మనం? జెరూసలేం మన వెనకే ఉండిపోయింది. ఇక్కడికి అది పడమర."

సున్నం కలుపుతున్న చైనా మేస్త్రీ కూడా తలెత్తి పడమర చూశాడు. ఎఫిమ్ బోరిసోవిచ్ చూడలేదు.

"మా తాత తూర్పు గోడ దగ్గర కూర్చున్నాడు. మా నాన్నదీ తూర్పు గోడే. నన్ను పడమటి గోడకు పొమ్మంటావా, బిచ్చగాళ్ళ బల్ల మీదికి?"

"మీరు పడమర కూర్చుంటే అదే పెద్దల గోడ అవుతుంది కదండీ."

"విన్నారా? పొయ్యి ఊదేవాడు గోడలకు పెద్దరికం పంచుతున్నాడు!" అని ఆయన నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి పక్కనున్నవాళ్ళూ నవ్వారు.

మా ఊళ్ళో శాస్త్రం తెలిసినవాడు రెబ్ ఇట్సె ఒక్కడే. శాస్త్రప్రకారం కోళ్ళు కోసేవాడు, పిల్లలకు అక్షరాలు చెప్పేవాడు. గెట్సెల్ ఆయన్ను నిలదీశాడు.

"జెరూసలేం ఉన్న దేశం వైపు తిరగమని ఉంది, తూర్పు అని లేదు. నీ మాట నిజమే," అన్నాడు రెబ్ ఇట్సె గొంతు తగ్గించి. "కానీ ఊరంతా ఒకవైపు నిలబడితే ఊరితోనే నిలబడి, మనసును మాత్రం జెరూసలేంకి తిప్పుకోమని కూడా ఉంది."

"అంటే మనసు తిరగొచ్చు, కుర్చీ తిరగకూడదా?"

"నాకు పెళ్ళాం పిల్లలున్నారు గెట్సెల్. నన్ను వదిలెయ్."

దేశం పోయిన జాతిని ఇన్ని వందల ఏళ్ళు జాతిగా నిలిపింది ఆ తిరగడమే. ఎవరు ఎక్కడికి తరిమినా, రోజుకు మూడు పూటలా లేచి నిలబడి ఒకే చోటు వైపు చూశాం. మా పెద్దలు ఆ చోటును దారిలో ఎక్కడో జారవిడుచుకుని, కుర్చీల వరసను మాత్రం భద్రంగా మోసుకొచ్చారు. కొత్త తూర్పు గోడ మీద సున్నం ఆరకముందే తమ పేర్లు చెక్కిన ఇత్తడి పలకలు బిగించుకున్నారు.

మొదటి మంచు పడిన శనివారం అందరూ లేచి పెట్టె వైపు తిరిగారు. అందరి వెనక, తలుపు పక్కన నిలబడే గెట్సెల్ మాత్రం పడమరనున్న ఆ తలుపు వైపు తిరిగాడు. ప్రార్థన ముగిసి వెనక్కి చూసినవాళ్ళకు అతని వీపు కనబడింది.

"ధర్మగ్రంథానికి వీపు చూపిస్తావా!" అని అరిచాడు ఎఫిమ్ బోరిసోవిచ్. "వచ్చే శుక్రవారంలోగా తిరుగు. తిరగవా, గది ఖాళీ చెయ్."

ఆ వారమంతా డ్వోషా పోరింది. "ఏమయ్యా, నా వైపే చూడమని జెరూసలేం నీకేమన్నా ఉత్తరం రాసిందా? ఆ పెద్దల బుద్ధి వంకరని నాకూ తెలుసు. కానీ ఈ గోడ వెచ్చగా ఉందయ్యా!"

"ఊరు కాల్చేశారు. వేళ్ళు పోయాయి. ఏ దేశం కాగితమూ లేదు. ఎటు తిరిగి నిలబడాలో తెలియడం ఒక్కటే మిగిలింది నాకు. అదీ వాళ్ళకిచ్చేస్తే ఈ గదిలో వెచ్చగా కూర్చునేది ఎవడే?"

ఆమె దుప్పట్లు మడవడం మొదలుపెట్టింది. మడిచినంతసేపూ తిట్టింది, జెరూసలేంను కాదు, ఎఫిమ్ బోరిసోవిచ్‌ను.

శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరూ మూటలతో బయటపడ్డారు. అడుగడుగునా తరిమివేతను తలుచుకుని ఏడ్చే జాతి కదా మాది, ఆ మూటలు చూసి ఒక్కరికీ ఏమీ గుర్తురాలేదు. స్నానాల ఇల్లు నడిపే సున్ అనే చైనావాడు గెట్సెల్‌ను ఒకటే అడిగాడు: "బొగ్గు వెయ్యడం వచ్చా?" ఎటు తిరిగి వేస్తావని అడగలేదు. నీళ్ళు కాచే కొట్లో, బాయిలరు పక్కన చోటిచ్చాడు. అది ఆవిరికి తడిసి కారే కొట్టు. నెల తిరక్కుండానే డ్వోషాకు దగ్గు పట్టుకుంది.

ఇక్కడ మందిరం పొయ్యి ఎవరి మాటా వినలేదు. ఇద్దరిని పెట్టి చూశారు, పొగ తప్ప వేడి లేదు. జనవరిలో మంచు తుఫాను పట్టిన ఓ ఉదయం ఎఫిమ్ బోరిసోవిచ్ తండ్రి చనిపోయిన తిథి వచ్చింది. కొడుకు నిలబడి, పోయిన తండ్రి కోసం చేసే ప్రార్థన, కద్దిష్, చెప్పాలి. ఆ పొగలో దగ్గుతూ తొమ్మిదిమంది నిలబడ్డారు. చెప్పాలంటే పదోవాడు కావాలి.

రెబ్ ఇట్సె తుఫానులో పడి స్నానాల ఇంటికి వచ్చాడు. "గెట్సెల్, రారా నాయనా. పుణ్యముంటుంది."

గెట్సెల్ నోరు తెరిచేలోపు డ్వోషా అడ్డొచ్చింది. "గది?"

"ఇస్తారులే అమ్మా."

"ఎన్నాళ్ళకు? ఆయన ఎటు తిరిగినా సరేనా?"

"అది... అడగాలి."

"అడిగి రా."

ఆయన మళ్ళీ ఆ మంచులో పడి వెళ్ళి, గడ్డం గడ్డకట్టి తిరిగొచ్చాడు. "ఇచ్చారు. బతికినంతకాలం ఉండమన్నారు. ఎటైనా తిరగమన్నారు. ఒక్కటే కోరిక, నీ చుట్టూ తెర కడతారట. నీ వీపు పెట్టెకు కనబడకూడదట."

గెట్సెల్ పడీ పడీ నవ్వాడు. "కట్టుకోమనండి. నాకు తలుపు వైపు చాలు."

ముందు పొయ్యి రాజేశాడు. ఈలోగా పెద్దలు బండివాడి దగ్గర గుర్రపు కంబళి తెచ్చి రెండు మేకులకు వేలాడదీశారు. ముందు పెట్టెకు వెల్వెట్ తెర, వెనక గెట్సెల్‌కు గుర్రపు కంబళి. జెరూసలేం వైపు తిరిగిన ఒకే ఒక్కడు కనబడకుండా అంత ఏర్పాటు. ఎఫిమ్ బోరిసోవిచ్ తండ్రి పేర కద్దిష్ చెప్పాడు. కంబళి వెనక నుంచి అందరికంటే గట్టిగా "ఆమేన్" వినిపించింది. ఆ ఆమేన్ లేకపోతే ఆ తండ్రికి ఆ ఏడు కద్దిష్ దక్కేది కాదు. థాంక్స్ చెప్పాలని ఆ కొడుక్కి తోచలేదు.

ఆ గదిలోనే పదకొండేళ్ళు బతికి పోయాడు గెట్సెల్. చచ్చినవాళ్ళంతా లేచే రోజున జెరూసలేంకి ఎదురుగా లేవాలని మాకో నమ్మకం, అందుకే కాళ్ళు అటు పెట్టి పూడుస్తాం. మా శ్మశానంలో ఆ కాళ్ళన్నీ తూర్పుకే ఉన్నాయి. డ్వోషా గుంట దగ్గర నిలబడి, కాళ్ళు పడమరకు పెట్టమంది.

కర్ర పట్టుకుని వచ్చిన ముసలి ఎఫిమ్ బోరిసోవిచ్ గొణిగాడు, "వరస చెడిపోతుంది డ్వోషా."

"మీ వరస మీరు చూసుకోండి. ఆ రోజున అందరూ లేచి, కుర్చీల లెక్కన జపాను వైపు నడవండి," అంది ఆమె. "మా ఆయనకు వేరే చోట పనుంది."

మట్టి తవ్వేవాళ్ళు ఎఫిమ్ బోరిసోవిచ్ ముఖం చూడలేదు. శవాన్ని తిప్పి దించారు.